నీట్‌నెస్‌కి అయిదు మార్కులు

మా స్కూల్లో ప్రతి సబ్జెక్టులోనూ నీట్‌నెస్‌కని అయిదు మార్కులుంటాయి. నోట్సు చూసి వెయ్యాలి. నేను మాత్రం పిల్లలు క్లాసులోకి వస్తూంటేనే మొహాలూ చొక్కాలూ చూసి మనసులో వేసేసేవాణ్ణి. పదిహేనేళ్ళుగా లెక్కలు చెబుతున్నవాణ్ణి, నోట్సు తెరవడం దేనికి?

పెద్ద పెద్ద ఇళ్ళుండే సీతమ్మధార నుంచి వచ్చే బూరెబుగ్గల అబ్బాయికి అయిదు. బోర్డు మీద వాడి రాత కోడి గెలికినట్టుంటుంది. అయినా పౌడరు మొహంతో వాడు నవ్వితే నేను కరిగిపోయేవాణ్ణి. పోర్టు పక్క వీధి నుంచి వచ్చే అమ్మాయికి రెండు. నల్లగా, బక్కగా ఉండేది, తెల్ల యూనిఫారం ఎప్పుడూ బూడిదరంగులో ఉండేది. చివరికి రెండు మార్కుల తేడాతో ఆ పిల్లకి ఫస్టు ర్యాంకు పోయింది. ఫస్టు వచ్చినవాళ్ళే క్లాస్ లీడర్ కాబట్టి బ్యాడ్జీ బూరెబుగ్గలవాడి చొక్కా ఎక్కింది. ఆ పిల్ల ఏడవలేదు, బ్యాడ్జీ వంకే చూస్తూ కూర్చుంది.

అది చాలదన్నట్టు, శుభ్రత గురించి నాలుగు ముక్కలు చెప్పొద్దామని వాళ్ళింటికి బయల్దేరాను. నమూనాగా ఉండాలని తెల్ల ప్యాంటు ఇస్త్రీ చేయించుకుని మరీ వెళ్ళాను. వాళ్ళ నాన్న టైలరు. మా స్కూలు యూనిఫారాలన్నీ కుట్టేది ఆయనేనని అక్కడికెళ్ళాకే తెలిసింది. వాకిట్లో కుర్చీ వేశారు. ఆ పిల్ల గుడ్డ తెచ్చి తుడవబోతే "పర్లేదమ్మా" అని కూర్చుండిపోయాను.

నా ఉపన్యాసమంతా ఓపిగ్గా విని, ఆయన దండెం మీది బట్టలు చూపించాడు.

"రోజూ ఉతుకుతాం సార్. ఆరేలోపే పోర్టు బొగ్గుదుమ్ము గాలికొచ్చి మళ్ళీ పూసేత్తాది. ఏటి సేత్తాం?"

టీ తాగి లేచాను. ఆ పిల్ల నా వెనక్కి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కుర్చీ పట్టీలన్నీ నా ప్యాంటు మీద నల్లగా అచ్చుపడ్డాయి. బస్సులో ఒకావిడ "సీటుంది కదా, కూకోండి బాబూ" అంటున్నా ఇంటిదాకా నిలబడే వచ్చాను. చచ్చేంత సిగ్గేసింది.

మర్నాడు ఆ పిల్ల నోట్సు మొదటిసారి తెరిచాను. ఒక్క కొట్టివేత లేదు. అందరిముందూ రెండు కొట్టేసి అయిదు వేశాను. బ్యాడ్జీ ఆ పిల్లకి వచ్చింది. తర్వాత ఎర్రపెన్ను దాని చేతికిచ్చి, "నాకెన్ని వేస్తావు?" అన్నాను. నాలుగు వేసింది.

"ఆ ప్యాంటు చూశాక కూడా నాలుగా?"

"ప్యాంటుకి కాద్సార్. మీరు లెక్కలు బాగా సెప్తారు కదా."

"మరి ఒకటెందుకు తగ్గించావు?"

బ్యాడ్జీ సరిచేసుకుంటూ అంది.

"నా నోట్సు ఇయ్యాలే కద్సార్ తెరిసారు."