పసుపు పొట్లంల గోళీలు

దుబాయిల పనిచేసే మా ఆయన నిరుడు ఫోన్ చేసి, నడుము నొప్పితోని నిద్ర పడ్తలేదు, ఇంటికాడ ఉన్నప్పుడు వేసుకున్న గోళీలే పంపమన్నడు. మా పక్కింటి గంగాధర్ ఆ రోజే దుబాయి పోతున్నడు. పొద్దున్నే కమ్మర్‌పల్లిల మందుల షాపుకు పోతే, షాపాయన ఏమీ అడగకుండ రెండు షీట్లు ఇచ్చిండు. మా ఆయనకు పంపే వంట పసుపు పొట్లంల పెట్టి గంగాధర్ బ్యాగుల వేసిన.

మధ్యాహ్నం పనిమీద నిజామాబాద్ పోయిన. మళ్ల ఎవరన్న పోతే పంపొచ్చని అక్కడొక షాపుల అవే గోళీలు అడిగిన. ఫార్మసిస్టు ఒక ఆడమనిషి. డాక్టర్ చిట్టీ ఏదన్నది. లేదన్న.

"ఎవరికక్కా?"

నాకు కోపమొచ్చింది. "దుబాయిల మా ఆయనకు. నొప్పి ఆయనకైతే నీకెందుకు గిన్ని ప్రశ్నలు?"

ఆమె గొంతు తగ్గించింది. "అక్కా, ఈ గోళీ అక్కడ మత్తుమందు కింద లెక్క. చిట్టీ, పర్మిషన్ లేకుంట దొరికితే తీసుకపోయినోన్ని జైల్ల వేస్తరు."

పొద్దున్నే పంపిన సంగతి ఆమెకు చెప్పి, వెంటనే ఫోన్ చేసిన. గంగాధర్ అప్పటికే ఎయిర్‌పోర్ట్ బస్సుల ఉన్నడు. రెండుసార్లు ఫోన్ ఎత్తలే. మూడోసారి ఎత్తిండు, ఫోన్ ఆమె చేతిల పెట్టిన. ఆమెనే పొట్లం విప్పించి, షీటు మీది పేరు చదివించి, తీసెయ్యమన్నది.

"తీసిన వదినా, బట్టలన్ని పసుపైనయి" అన్నడు గంగాధర్. అక్కడే మెట్టు మీద కూసొని ఏడ్సిన.

మా ఆయన అక్కడనే డాక్టర్‌కు చూపెట్టుకున్నడు, ఇప్పుడు మంచిగున్నడు. ఆ రోజు అడగకుండ ఇచ్చినాయన ఎంత మంచోడో అనుకున్న. అడిగినామెకు ఎంత పొగరో అనుకున్న.