డాన్యూబ్ ఒడ్డున మేము, వాగవతల కల్లం

ఎరువులు, పురుగుమందులు అమ్మే దుకాణదారులకు కంపెనీలు అప్పుడప్పుడు విదేశీ టూర్లు ఇస్తుంటాయి. ప్రత్తిపాడు దగ్గర మా ఊళ్ళో నాకూ అలాంటి దుకాణం ఉంది. ఆ ఏడు నాకూ, నా భార్యకూ ఆస్ట్రియా టూరు వచ్చింది. తీరా బయల్దేరే నాటికి మా మిరపకాయలు ఇంకా కల్లంలో ఆరుతున్నాయి.

"ఇంకో వారం ఆగితే కాయలు గోతాల్లో తొక్కించి టిక్కీలు కట్టించి, కోల్డ్ స్టోరేజీలో వేసి నిశ్చింతగా పోవచ్చు కదండీ," అంది ఆవిడ.

దుకాణం నాది, సేద్యం ఆవిడది. ఆవిడ మాటే సరైనదని తెలిసినా, టిక్కెట్లు తీసేశాక ఆగడం కుదరదన్నాను. కల్లం బాధ్యత ఆవిడ తమ్ముడికి అప్పగించి విమానమెక్కాం.

మూడో రోజు డాన్యూబ్ నది వెంట పాత ఊళ్ళు చూపించడానికి మమ్మల్ని వియన్నా నుంచి బస్సులో తీసుకెళ్ళారు. మొదటి ఊరు మెల్క్. కొండమీద పసుపుపచ్చ గోడల పెద్ద మఠం. నా భార్య అందరితోపాటు లోపల పుస్తకాల గది చూస్తోంది. నేను బయటికొచ్చి ఫోన్ తెరిచాను. ఊరి గ్రూపులో ఎవరో ఫోటో పెట్టారు. పడమటంతా నల్లగా కమ్ముకుని ఉంది. అక్కడ అప్పటికి మధ్యాహ్నం రెండు దాటింది. వెంటనే బావమరిదికి ఫోన్ చేశాను.

"ఇంట్లోనే ఉన్నా బావా. ఉరుములు గట్టిగా ఉన్నాయి. పిడుగులు పడతాయని ఫోన్లకి మెసేజీలొచ్చాయి. కాస్త తగ్గాక పోతా."

"తగ్గాక పోయి ఏం చేస్తావురా? తడిసిన కాయలు ఏరుకుంటావా? మీ అక్క కష్టమంతా అక్కడే ఉంది. కాయలమీద పట్టాలు కప్పేసి వచ్చెయ్. ఎంతసేపు పని?"



"సరే బావా," అన్నాడు.

అరగంట తర్వాత చేస్తే రింగయింది, ఎత్తలేదు. మళ్ళీ చేస్తే స్విచాఫ్. ఈలోగా మమ్మల్ని పడవ ఎక్కించారు. రెండు ఒడ్డులమీదా మెట్లు మెట్లుగా ద్రాక్షతోటలు, మధ్యమధ్య పూతమీదున్న చెట్లు.

"అంత ఏటవాలులో కాయ ఎట్లా కోస్తారో!" అంది నా భార్య. టూరులో ఆవిడ మొహం తేటగా కనిపించడం అదే మొదలు. నేను తలూపాను. అప్పుడే గ్రూపులో ఇంకో మెసేజీ వచ్చింది. వాగవతల పిడుగు పడిందట, ఎవరికో దెబ్బ తగిలిందంటున్నారు.

మా కల్లం వాగవతలే.

గైడు మైకులో కొండమీది పాడుబడ్డ కోట చూపించి, ఒకప్పుడు ఇంగ్లండు రాజును అక్కడ బంధించారని చెబుతున్నాడు. ఆవిడకు చెప్పాలి. చెబితే నేను వాణ్ణి పొమ్మన్న సంగతి కూడా చెప్పాలి. పడవ డ్యూర్న్‌స్టైన్ రేవుకు చేరేదాకా ఆ ఒక్క మాటకు ధైర్యం చాల్లేదు.

ఆ ఊరి సందులో, ఒక జామ్ సీసాల కొట్టు ముందు నిలబడి చెప్పాను.

"మీరు పొమ్మన్నారా?"

"అన్నాను."

"వాడేమన్నాడు?"

"ఉరుములు తగ్గాక పోతానన్నాడు."

ఆవిడ అరవలేదు. అక్కడే రాతి మెట్టుమీద కూర్చుని తమ్ముడి భార్యకు ఫోన్ చేసింది.

"ఆయనింకా రాలేదు వదినా," ఆ అమ్మాయి గొంతు నాక్కూడా వినిపించింది. "వాగు పొంగుతోందట. మా నాన్న వెతకడానికి పోయాడు."

"కాయలు పోతే పోయేవి," అంది నా భార్య ఫోన్ పెట్టేసి. నావైపు చూడలేదు.

బస్సులో క్రెమ్స్ వెళ్ళాం. పాత కోట ద్వారం, రాళ్ళు పరిచిన వీధి. అందరూ ఫోటోలు తీసుకుంటుంటే మేమిద్దరం ఫోన్ వంక చూస్తూ నడిచాం. అయిదు నిమిషాలకోసారి చేయడం, అదే స్విచాఫ్ వినడం. గంటన్నర గడిచాక తెలియని నంబరు నుంచి ఆవిడకు ఫోనొచ్చింది.

"అక్కా, నేనే."

ఆవిడ గోడకు చేయి ఆనించింది.

"ఎక్కడ చచ్చావురా ఇంతసేపూ!" అంటూ ఏడ్చేసింది.

పట్టాలు కప్పి రాళ్ళు పెడుతుండగా పక్క చేలో తాడిచెట్టు మీద పిడుగు పడిందట. చెట్టు కింద కట్టేసిన గేదె చచ్చిపోయింది, మనుషులెవరికీ దెబ్బ తగల్లేదు. ఆ అదురుకు వాడి చేతిలో ఫోన్ నీళ్ళలో పడింది. బయట నిలబడటానికి భయపడి, పట్టా కింద దూరి, వాళ్ళ మామ వెతుక్కుంటూ వచ్చేదాకా మిరపకాయల్లోనే పడుకున్నాడట. "ఒళ్ళంతా మంటక్కా. కళ్ళు తెరవలేకపోతున్నా."

ఆవిడ ఫోన్ నాకిచ్చింది. "మాట్లాడండి."

నేను నోరు తెరిచేలోపే వాడన్నాడు: "ఓ మూల తప్ప కాయలు తడవలేదు బావా."

ఫోన్ ఆవిడకు తిరిగిచ్చేశాను. తిరుగు ప్రయాణంలో ఆవిడ చాలాసేపు కిటికీలోంచి చూసి, "ఇకమీద పొలం సంగతి వాడితో నేనే మాట్లాడుకుంటా," అంది. అదే జరుగుతోంది ఇప్పటికీ.

ఊరికి చేరిన రోజు బట్టలు కూడా మార్చుకోకుండా వాళ్ళింటికి వెళ్ళాను. వాడి మెడమీదా, మోచేతులమీదా చర్మం ఊడి, కొబ్బరినూనె రాసి ఉంది.

"తప్పయిందిరా," అన్నాను.

పర్లేదంటాడనుకున్నాను. అనలేదు.

"బాగా భయమేసింది బావా," అన్నాడు.

నేను వాడి పక్కన కూర్చున్నాను.