సుంకమ్మ కాలని కొంగు

పత్తికొండకు పడమరగా నల్లబండ అని ఒక ఊరు. జొన్నా కొర్రా పండితే పండినట్టు, లేకుంటే లేనట్టు. ఆ ఊళ్లో తిమ్మన్న ఇంటివాళ్లకు పొలం కొంచెం, పరువు మాత్రం పుట్లకొద్దీ. ఆ పరువంతా ఇంటి వెనక ఉన్న చిన్న గుడి నుంచి వచ్చింది. గుడంటే నడుం వంచకుండా దూరలేని గూడు. లోపల గాజుల చెయ్యి చెక్కిన ఒక రాయి, దాని పక్కన ఒక కుండ. ఆ చెయ్యి తిమ్మన్న తాతకు తల్లి అయిన సుంకమ్మదట. మొగుడు పాము కరిచి పోతే, ఉయ్యాలలో బిడ్డను అత్త ఒడిలో పెట్టి, నవ్వుతూ చితి ఎక్కి పేరంటాలమ్మ అయిందట. ఒళ్లంతా కాలి బూడిదైనా చీర కొంగు మాత్రం కాలలేదట. ఆ కొంగే కుండలో ఉంది. ఏటా జాతరనాడు బయటికి తీస్తారు. ఎలుకలు కొరికి, చిమటలు తిని, మసిగుడ్డకన్నా హీనంగా కంపు కొట్టే ఆ పేలికను జనం కళ్లకద్దుకుంటారు.

నాగక్క తిమ్మన్నకు అక్క. పదహారేండ్లకే మొగుడు పోయి పుట్టింటికి చేరింది. వాళ్ల కులంలో మారుమనువు ఉంది. మొగుడు పోయిన పిల్లను ఇంకొకడు పొద్దుగూకే వేళ చీర పెట్టి తీసుకుపోతే తప్పు పట్టేవాళ్లు లేరు. ఒక్క వీళ్లింటికే ఆ భాగ్యం లేదు. పేరంటాలమ్మ ఇల్లు కదా! సుంకమ్మ నిప్పుల్లో దూకితే, ఆమె ఇంటి ఆడబిడ్డ ఇంకొకడి చీర కడుతుందా? తండ్రి నరసన్న ఈ మాటే చెప్పి కూతురి గాజులు పగలగొట్టించాడు. అప్పటినుంచీ నాగక్క తెల్లారకముందే లేచి గుడి ముందర ఊడ్చి, పేడనీళ్లు చల్లి, ముత్తైదువలు వచ్చేలోగా చాటుకు తప్పుకోవాలి. పేరంటాలమ్మకు విధవ ముఖం పనికిరాదట. విధవ చాకిరీ మాత్రం పనికొస్తుంది. థూ, ఇదీ ఒక భక్తేనా!

నరసన్న పోయాడు, తిమ్మన్న ఇంటి పెద్ద అయ్యాడు. నాగక్కకు నలభై దాటాక తిమ్మన్న కూతురు గిడ్డమ్మ మొగుడు వాంతిబేదులతో చచ్చిపోయాడు. పిల్లకు పందొమ్మిదేండ్లు. ఏడాది తిరిగాక పక్క ఊరి హనుమన్న పెద్దమనుషులను పంపాడు. అదే కులం, బండి తోలుకుని బతికేవాడు, పెండ్లాం పోయినవాడు. గిడ్డమ్మకు ఇష్టమే. తిమ్మన్న మాత్రం ఒంటికాలి మీద లేచాడు.

“పేరంటాలమ్మ ఇంట్లో మారుమనువా? మా అక్కను చూడండప్పా! నిప్పు మాదిరి బతకలేదా? నా కూతురూ అట్లే బతుకుతాది.”

జొన్నలు చెరుగుతున్న నాగక్క చేట కింద పెట్టింది. తాను పడినదంతా ఎత్తి ఈ పిల్ల నెత్తిన బోర్లించడానికి తన పేరే వాడుతున్నాడు తమ్ముడు. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

“ఒరే, సుంకమ్మ చితెక్కింది ఎవురు చూసినార్రా?”

“ఎవురో చూసేదేంది? కోర్టే ఒప్పుకునింది. నాయన పొలం దావా గెలిచినాడు కదా, ఆ కాగితాల్లో పేరంటాలమ్మ పేరుండాది. కర్నూలుకు పోయి చూసుకోపో.”

అక్షరం రాని ఆడది కర్నూలు దాకా ఏం పోతుందిలే అని వాడి ధీమా. నాగక్క పోయింది. మిషను బడి అయ్యవారు సుందరం, ఆయన భార్య విశ్వాసమ్మ చర్చి సభకని బయలుదేరితే, వాళ్ల వెంట ద్రోణాచలంలో రైలెక్కింది. కోర్టులో ఆ దావా నకలుకు సుందరం అర్జీ రాసిపెట్టాడు, నాగక్క వేలిముద్ర వేసింది. పంట కోతల నాటికి నకలు వచ్చింది. బడి వసారాలో కూర్చుని సుందరం చదివి వినిపించాడు.

దావా వేసింది దాయాదులు. వాళ్ల వాదన ఒకటే. సుంకమ్మ బిడ్డలు లేకుండానే మొగుడితోపాటు కాలిపోయింది, ఈ నరసన్న ఆమె మనవడే కాదు, కాబట్టి ఆమెకు పుట్టింటినుంచి వచ్చిన పొలం మాకు రావాలి. దానికి నరసన్న ప్రమాణం చేసి చెప్పిన జవాబు ఇదీ:

“సుంకమ్మ సహగమనము చేసినదనుట శుద్ధ అబద్ధము. మొదటి పెనిమిటి పోయిన రెండవ యేట ఆమె మా తాత ఈరప్పను మా కులాచారము ప్రకారము మారుమనువు చేసుకొన్నది. వారికి నా తండ్రి పుట్టెను. సుంకమ్మ ముసలితనమున జ్వరముచేత చనిపోయినది. నన్ను ఎత్తి పెంచినది ఆమెయే.”

నాగక్క మళ్లీ చదవమంది. విన్నాక అడిగింది. “ఇది యా సంవత్సరంలో చెప్పినాడు అయ్యవారూ?”

“శార్వరి నాగక్కా.”

ఆమె గాజులు పగిలిందీ శార్వరిలోనే. ఏడుపు రాలేదు. రోత పుట్టింది. అవ్వ చంకన పెరిగినవాడు, అవ్వ చేతి ముద్ద తిన్నవాడు, ఆ అవ్వనే చితి మీద కూర్చోబెట్టి కన్నకూతురికి చూపించాడు. పొలానికి ఒక అవ్వ, ఆడబిడ్డలకు ఇంకొక అవ్వ. వసారా దిగి ఉమ్మింది. ఎన్నిసార్లు ఉమ్మినా నోట్లో చేదు పోలేదు.

ఇంటికొచ్చేసరికి తిమ్మన్న సంగటి తింటున్నాడు. కాగితంలో ఉన్నదంతా నాగక్క గిడ్డమ్మ ముందరే చెప్పింది. వాడు తల కూడా ఎత్తలేదు.

“అది పొలం కోసరం చెప్పిన మాట లేక్కా. కోర్టులో నిజం చెప్పకుంటే పొలం పోతుండె.”

“నిజమని నీకూ తెలుసునా?”

“నాయన సచ్చేటప్పుడు చెప్పినాడు. ఇంట్లో మొగోళ్లకు తెలిస్తే సాలన్యాడు.” ముద్ద మింగి, ఇంకొక ముద్ద పులుసులో అద్దాడు.

నాగక్క వాడి ముందరికొచ్చి నిలబడింది. “పొలం కావాలంటే బతికిస్తారు, పరువు కావాలంటే కాలుస్తారు. ఎన్నిసార్లు కాలుస్తార్రా ఆ ముసల్దాన్ని? గిడ్డమ్మా, లెయ్. హనుమన్న ఊరికి పోదాం. నువ్వు అడ్డమొస్తివో, తిమ్మన్నా, జాతరలో అయ్యవారితో ఈ కాగితం సదివిస్తా.”

తిమ్మన్న చెయ్యి ఆగింది. కాసేపు కూతురి వంక చూశాడు, కాగితం వంక చూశాడు. “సరే, పిల్లను తోడకపో. ఆ కాగితం మాత్రం పొయ్యిలో ఎయ్యక్కా, నీకు దండం పెడతా.”

ఇదీ వాడికి కూతురి మీదుండే ప్రేమ. నాగక్క కాగితం రొంటిన దోపుకుని పిల్ల చెయ్యి పట్టుకుంది.

పొద్దుగూకే వేళకు హనుమన్న ఇంట్లో పని అయిపోయింది. పందిరి లేదు, మేళం లేదు. ఉన్నవాళ్లు పదిమంది. హనుమన్న చీర పెట్టాడు, నాగక్కే దాన్ని గిడ్డమ్మకు కట్టింది. ఆ చెయ్యి తగలకూడదని అక్కడెవరూ అనలేదు. భోజనాలయ్యాక హనుమన్న తల్లి ఆమె పక్కన చేరి ఆకూవక్కా ఇచ్చింది.

“నీకు ఆ వయసులో ఎవురూ అడగరాలేదా వొదినా?”

“వచ్చినారు,” అంది నాగక్క. “మా నాయన పొలం దావా పని మీద కర్నూలుకు పోతా ఉండె. తిరిగొచ్చి చెప్తా అన్యాడు. వచ్చినంక, మా ఇంట్లో ఆ ఆచారం లేదు పొమ్మన్యాడు.”