పైడయ్య కూకున్న కాడ్నించి

బొబ్బిలి పక్క ఊళ్లో వీణలు చెక్కే పైడయ్యగారికి కొత్త పనిశాల గీసిచ్చింది నేనే. విజయనగరంలో నా ఆఫీసు. కట్టబోయే ఇంటిని కంప్యూటర్లో ముందే కట్టి చూపించడంలో నాకు కాస్త పేరుంది, ఆ పేరు చూసుకుని కాస్త పొగరు కూడా ఉంది. గోడలు కిటికీ మట్టానికి లేచాయనీ, రేపు పొద్దున్నే కిటికీ చట్రాలు నిలబెడతాననీ మేస్త్రీ ఫోన్ చేశాడు. చట్రం నిలిచాక మార్పులంటే అయ్యే పని కాదు. అందుకే ఈలోపే పెద్దాయనకు నమూనా చూపించి సరే అనిపించుకుందామని బయల్దేరాను. లాప్‌టాప్ పట్టుకుని మీరూ ఇలా సైటుకి వెళ్లాల్సి వస్తే ఈ అనుభవం పనికొస్తుంది.

ఉదయం ఏడింటికి విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కితే గజపతినగరం, రామభద్రపురం మీదుగా రెండు గంటల లోపే బొబ్బిలి చేరతారు. టిక్కెట్టు వంద లోపే. ఎడమవైపు కూర్చుంటే ఎండ మొహాన పడదు. నేను దారిలోనే వ్యూలు పెట్టుకున్నాను. వ్యూ అంటే మరేం లేదు, నమూనాలో ఒకచోట కెమెరా నిలబెట్టి, ఎటు చూడాలో చెప్పి, ఆ చూపును పేరు పెట్టి దాచుకోవడం. తర్వాత ఒక్క నొక్కుతో అక్కడికే వెళ్లొచ్చు. రోడ్డు మీంచి ఒకటి, ఆకాశం మీంచి ఒకటి, గుమ్మంలోంచి ఒకటి, ఇలా ఆరు పెట్టాను. కెమెరా ఎత్తు అన్నిటికీ అయిదున్నర అడుగులు. సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఇచ్చే ఎత్తు అదే, నేనెప్పుడూ దాని జోలికి పోలేదు.

స్టాండు బయట ఆటో ఎక్కాను.

"ఏటమ్మా, వీణ కొంటావా?" అన్నాడు డ్రైవరు.

"లేదు, వీణలు చేసే ఆయనకి ఆయన షెడ్డు ఎలా ఉంటుందో చూపించాలి."

"ఆయన షెడ్డు ఆయనకి నువ్వు సూపిత్తావా?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

పైడయ్యగారు పాత షెడ్డులో, గోడకు మూరెడు దూరంలో, గోనెపట్టా మీద కూర్చుని పనస దుంగను తొలుస్తున్నారు. ఆ తొలిచిన గుండ్రటి భాగమే వీణకు కుండ. ఆయన భార్య అప్పలనరసమ్మగారు టీ ఇచ్చారు. నేను పీట మీద లాప్‌టాప్ పెట్టి ఆరు వ్యూలూ ఒకదాని తర్వాత ఒకటి తిప్పాను. ఆయన ఉలి దించి, ఓపిగ్గా అన్నీ చూశారు.

"బాగున్నాది అమ్మా. అయితే ఇది నిల్సున్నోడి షెడ్డు," అన్నారు. "నేను కూకుంటాను గదా."

"నలభై ఏళ్లుగా సూత్తన్నాను. నిలబడి పని సేసింది నేదు," అన్నారు అప్పలనరసమ్మగారు.

నా చెవులు వేడెక్కాయి. వెళ్లి ఆయన పక్కన నేలమీద కూర్చున్నాను. నేలకు జానెడు ఎత్తులోనే ఒక చిన్న కిటికీ ఉంది. దాంట్లోంచి పొద్దుటి ఎండ దుంగను రాసుకుంటూ పోతోంది. ఆ వాలు వెలుగులో కుండ లోపలి ప్రతి ఉలిగాటూ విడివిడిగా కనబడుతోంది. అప్పటిదాకా నేను దాన్ని గాలికోసం పెట్టిన కంత అనుకున్నాను.

టేపు తీసి ఆయన కంటి ఎత్తు కొలిచాను. రెండున్నర అడుగులు. నమూనాలో కెమెరాను ఆయన కూర్చోబోయే చోటికి జరిపి, ఆ ఎత్తుకు దించి, చూపు ఒళ్లోని దుంగ వైపు తిప్పాను. సూర్యుణ్ణి పొద్దున తొమ్మిదింటికి పెట్టాను. కిటికీ కింద నా మూడడుగుల గోడ మీంచి దూకిన ఎండ ఆయన్ను దాటి ఎక్కడో గది మధ్యలో పడింది. ఆయన కూర్చునే చోటంతా నీడే. ఆరు వ్యూల్లో ఒక్కటీ నాకిది చెప్పలేదు.

"ఇక్కడ చెక్కితే ఏమవుతుంది బాబాయ్?" అన్నాను, జవాబు తెలిసే.

"కుండ పలసన ఎంత వచ్చిందో తెలవదు. ఉలి అవతలికి పోతాది. ఆరేళ్లు ఆరబెట్టిన దుంగ పొయ్యిలోకి పోతాది. నా కళ్లు కూడా ముందటి లాగ నేవు," అన్నారు.

నమూనాలో కిటికీ కింది అంచును నేలకు ఒక్క అడుగు ఎత్తుకు దించాను. తెరమీద ఎండ వచ్చి ఆయన ఒళ్లో పడింది. వెంటనే మేస్త్రీకి ఫోన్ చేసి, తూర్పు కిటికీ కింద కట్టిన ఆరు వరసలూ తీసేయమన్నాను. "నిన్నేగదమ్మా కట్టినాం," అని గునిశాడు. తప్పు నాదేనని చెప్పాను. చెప్పడానికి కష్టంగానే ఉంది. ఫోన్ పెట్టేశాక పైడయ్యగారు నన్ను చూసి, "గోడ పోతే మళ్లీ కట్టుకుంటాం అమ్మా. ఎలుతురు పోతే పనే పోతాది," అన్నారు.

ఆ వ్యూకి ఏం పేరు పెట్టమంటారని అడిగితే, "నా పేరెందుకు, కూకున్న కాడ్నించి అని ఎట్టు," అన్నారు. అలాగే రాసి, దాన్ని మిగతా వ్యూలన్నిటికంటే ముందు పెట్టాను. అప్పలనరసమ్మగారు ముంజికాయలు కొట్టి పెట్టారు.

తిరుగు బస్సులో మిగతా ఆరు వ్యూలూ తెరిచి చూశాను. చక్కగానే ఉన్నాయి, ఇప్పటికీ అంటాను. కానీ అవన్నీ దారినపోయే వాళ్ల కోసం, మరీ నిజం చెప్పాలంటే నా కోసం పెట్టుకున్నవి. పనిలో నేను గట్టిదాన్నే, ఆ నమ్మకం ఏమీ తగ్గలేదు. ఇంతకాలం నిలబడి గీశానని మాత్రం తెలిసింది. మీకు నేను చెప్పే సలహా ఒక్కటే. బస్సెక్కే ముందు సంచిలో టేపు వేసుకోండి. ఆ ఇంట్లో బతికే మనిషి ఎక్కడ కూర్చుంటాడో అడిగి, అక్కడ కూర్చుని, కంటి ఎత్తు కొలిచి, మొదటి వ్యూ అక్కడ పెట్టండి. పైడయ్యగారి ఫైలు ఇప్పుడు ఎవరు తెరిచినా ముందు కనబడేది పనిశాల ముఖం కాదు, ఆయన ఒళ్లో పడిన ఎండ.