బాలమణక్క ఆయుధపూజ

నాకు తుపాకీ అంటే ఒళ్ళు మంట. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇప్పుడు నేను పొగడబోయే బాలమణక్క దుకాణంలో ఒక తుపాకీ ఉంది.

సూర్యాపేట నుంచి వచ్చిన బాలమణక్క, ఆమె భర్త దామోదర్ బావ, అమెరికాలో ప్లేనో నగరానికి గంట దూరంలోని ఒక చిన్న ఊళ్ళో గ్యాస్ స్టేషన్, దాన్ని ఆనుకుని దుకాణం నడుపుతారు. 2012లో ఒక దొంగ బావ తల పగలగొట్టి గల్లాపెట్టె ఊడ్చుకుపోయాడు. అప్పట్నుంచి కాసేపు నిలబడితే చాలు, బావకు కళ్ళు తిరుగుతాయి. కౌంటర్‌లో అక్క ఒక్కతే కూర్చుంటుంది. గ్రీన్ కార్డ్ ఉంది కాబట్టి వెళ్ళి తుపాకీ కొని సొరుగులో పెట్టుకుంది. కానీ బీరు అమ్మే దుకాణాల్లో తుపాకీ ఉండకూడదని ఆ ఊరి కౌన్సిల్ రూలు. తెలిసే దాచింది.

ఏడాదంతా దాచినదాన్ని దసరా రోజు తీసి అందరికీ కనబడేలా కౌంటర్ మీద పెట్టింది మహాతల్లి! ఆయుధపూజ కదా. క్యాష్ రిజిస్టర్‌కి బొట్టు, అట్టపెట్టెలు కోసే కత్తికి బొట్టు, తుపాకీకి బొట్టూ బంతిపువ్వూ. సరిగ్గా అప్పుడే మంటలార్పే సిలిండర్ తనిఖీ చేయడానికి ఊరి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. పాపం, ఆ బంతిపువ్వు వంక చాలాసేపు చూశాడు. తర్వాత జేబులోంచి పెన్ను తీసి నోటీసు రాశాడు. దుకాణం లైసెన్సు రద్దు చేస్తారట.

అక్క నాకు ఫోన్ చేసి బావురుమంది. "దుకాణం బందైతే ఏం తిని బతకాలె చెల్లె? మీ బావ ఇంకో జాబ్ చేసే తీరుల ఉన్నడా?"

"దాన్ని బయట ఎందుకు పెట్టావక్కా?" అని కసిరాను.

"పూజ చెయ్యకపోతే ఎట్ల మరి?" అంది ఏడుస్తూనే.

అదృష్టం ఏమిటంటే, ఆ రూలు చెల్లదని రాష్ట్ర ప్రభుత్వమే అప్పటికే ఊరి మీద కేసు వేసింది. తుపాకీ ఉంచుకోవడానికి రాజ్యాంగం ఇచ్చిన హక్కును ఒక ఊరి కౌన్సిల్ తీసేయడానికి వీల్లేదని ప్రభుత్వ వాదన. ప్రభుత్వం తరఫు లాయరమ్మ అక్కను సాక్షిగా పిలిచింది. నా ఒళ్ళు మంటను ఇంట్లో వదిలేసి, అక్క మాటలు ఇంగ్లిష్‌లో చెప్పడానికి నేను కోర్టుకి వెళ్ళాను.

"అందులో తూటాలున్నాయా?" అని అడిగాడు ఊరి తరఫు లాయర్.

"లేవు సార్. కొననే లేదు."

లాయర్ నవ్వాడు. "మరి తుపాకీ ఎందుకు?"

"మా అమ్మవారికి చేతులనిండ ఆయుధాలుంటయి సార్. రోజు తిప్పుతదా? ఉన్నయని తెలిస్తె చాలు."

ఆ మాట ఉన్నదున్నట్టు ఇంగ్లిష్‌లో చెప్పాను. తర్వాత ఇన్‌స్పెక్టర్ బోనెక్కాడు. ఊరి తరఫు సాక్షే అయినా, చూసింది చూసినట్టు చెప్పాడు. ఆవిడ దాన్ని ఎవరికీ గురిపెట్టలేదు, పువ్వు పెట్టి పక్కన ఉంచింది అన్నాడు. ఆ మనిషి మీద అంతవరకూ నాకున్న కోపం అక్కడే చల్లారింది.

కొన్ని నెలలకు తీర్పు వచ్చింది. రూలు కొట్టేశారు, దానితోపాటు నోటీసూ పోయింది. అక్క కోర్టు మెట్ల మీదే నిలబడి ఆ భవనానికి దండం పెట్టింది.

"మా ఊర్ల కరెంటు మీటర్ కోసం ఆఫీసు చుట్టు చెప్పులరిగేటట్టు తిరిగిన. ఒక్కడు పల్కలె. ఈడ సర్కారే నా దిక్కు నిలబడ్డది చెల్లె. ఈ రుణం ఎట్ల తీర్చుకుంట?"

తుపాకీ మీద నా అభిప్రాయం మారలేదు. కానీ అక్క అన్నం నిలబడింది. నేనూ చేతులు జోడించాను.

మళ్ళీ దసరా వచ్చింది. ఈసారి పూజకి నేనూ దుకాణానికి వెళ్ళాను. సిలిండర్ చూడ్డానికి మళ్ళీ అదే ఇన్‌స్పెక్టర్ వచ్చి, కాస్త మొహమాటంగా గుమ్మంలోనే ఆగాడు. అక్క పులిహోర ప్లేటు చేతికిచ్చి నా వైపు తిరిగింది.

"సార్ ఆయుధమేందో అడుగు చెల్లె."

ఆయనకు అర్థం కాలేదు. ఏ పనిముట్టు అన్నం పెడుతుందో, ఇవాళ దాన్ని పూజిస్తామని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి జేబులోంచి పెన్ను తీశాడు. నోటీసు రాసింది దీంతోనే అన్నాడు. అక్క కూడా గుర్తుపట్టింది. రెండు చేతులతో అందుకుని, తుపాకీ పక్కన పెట్టి, ముందు దానికే బొట్టు పెట్టింది.