గేర్‌బాక్స్ దించమన్నవాళ్లు

భవానీపురంలో మాది కేటరింగ్ వ్యాపారం. వంట మా ఆయన చూసుకుంటాడు, స్టీరింగ్ జోలికి రాడు. గుండిగలు, గ్యాస్ పొయ్యిలు, కూరగాయల బస్తాలు పికప్ బండికి ఎత్తించుకుని ఉయ్యూరు, పామర్రు, గుడివాడ వైపు పెళ్లిళ్లకు తోలుకెళ్లేది నేను. అయినా ఆ బండి కింద శబ్దం మొదలైనప్పుడు నన్ను తప్ప అందర్నీ అడిగారు.

మొదటి గేరు వేసి క్లచ్ వదలగానే సీటు వెనక, కింద ఎక్కడో ఠంగుమని ఒక దెబ్బ. పోతున్న బండిలో యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి మళ్లీ నొక్కితే ఇంకో దెబ్బ. రివర్స్‌లో మరీ గట్టిగా వినబడేది.

అందరికంటే ముందు తీర్పు చెప్పింది మా బావగారు. మా ఆయనకు అన్నగారు. ఏదో ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరైనప్పటి నుంచి లోకంలోని యంత్రాలన్నిటికీ తానే పెద్దదిక్కు అనుకుంటున్న మనిషి. తన స్కూటర్ మొరాయిస్తే మాత్రం తోయడానికి పక్కింటివాళ్లను పిలుస్తారు. ఆ రోజు చేతిలో పేపరు దించకుండా, బండి వైపు చూడకుండా, "గేర్‌బాక్స్ పోయిందమ్మా" అన్నారు.

"గేర్లు శుభ్రంగానే పడుతున్నాయండీ బావగారూ."

"పడతాయి. లోపల పళ్లు అరిగిపోయుంటాయి. ఆడవాళ్లు తోలితే ముందు పోయేది అదే."

"ఒకసారి ఎక్కి వినండి."

"వినక్కర్లేదు."

జబ్బు మనిషిని చూడకుండానే మందు రాసేవాళ్లుంటారని విన్నాను. మా ఇంట్లోనే ఒకరున్నారని అప్పుడు తెలిసింది.

బండిని కంపెనీ వర్క్‌షాపుకు తీసుకెళ్లాను. బావగారు కూడా వచ్చారు, రమ్మని ఎవరూ అనకపోయినా. ఇస్త్రీ చొక్కా వేసుకున్న సర్వీసు కుర్రాడు తాళాలు నా చేతిలోంచి తీసుకుని, "ప్రాబ్లం ఏంటి సార్?" అని ఆయన్ని అడిగాడు. వీధి చివరిదాకా తోలి వచ్చి, "ఈ మోడల్‌కి ఇది నార్మల్ సార్. మేడమ్‌ని క్లచ్ కొంచెం మెల్లగా వదలమనండి" అన్నాడు. నేను వాళ్లిద్దరి మధ్యే నిలబడి ఉన్నాను. బండి నీట్‌గా కడిగిచ్చారు. కడిగిన బండి గేటు దాటుతూ ఠంగుమంది.

తర్వాత ఆటోనగర్‌లో బావగారికి తెలిసిన మేస్త్రీ. బండి కిందికి వంగి చూడలేదు. బానెట్ మీద చెయ్యి వేసి, కళ్లు సగం మూసి, ఇంజన్ నాడి పట్టుకున్నట్టు నిలబడ్డాడు.

"గేర్‌బాక్స్ దించాల సార్."

బావగారి ముఖం వెలిగిపోయింది.

"దించాక లోపల ఏమీ లేకపోతే?" అని నేనడిగాను.

"ఏదో ఒకటి ఉంటదమ్మా" అన్నాడు మేస్త్రీ.

ఆ మాటతో తాళాలు తీసుకుని బండి ఎక్కేశాను. బావగారు ఆటోలో వచ్చారు.

మర్నాడు బేరం లేదు. బండిలో సామానంతా దించేసి, ఖాళీ బండితో కరకట్ట మీదికి వెళ్లాను. క్లచ్ నొక్కి పట్టుకుని స్పీడ్ బ్రేకర్ల మీదుగా దొర్లించాను. శబ్దం లేదు. అంటే కుదుపులు కాచే కమాను కట్టల తప్పు కాదు. గట్టిగా బ్రేకు వేశాను, అప్పుడూ లేదు. ఇంజన్ లాగడం మొదలెట్టినప్పుడూ, మానినప్పుడూ మాత్రమే దెబ్బ. గేర్‌బాక్స్ నుంచి వెనక ఇరుసు దాకా బలాన్ని మోసుకెళ్లే పొడుగాటి ప్రొపెల్లర్ షాఫ్ట్ మీదికి పోయింది నా అనుమానం.

ఇంటికొచ్చి చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టి, గేరు న్యూట్రల్ చేసి, పాత గోనెపట్టా పరుచుకుని కిందికి దూరాను. షాఫ్ట్‌కు వెనక చివర జాయింటులో ప్లస్ గుర్తు ఆకారంలో ఒక ఇనప ముక్క ఉంటుంది, క్రాస్ అంటారు. దానికి ఇటువైపు ఒక చెయ్యి, అటువైపు ఒక చెయ్యి వేసి మెలిపెట్టాను. రెండూ కలిసి కదలాలి. ఒకవైపు కదిలాక గాని రెండోది కదల్లేదు. చుట్టూ గ్రీజు ఎండిపోయి ఎర్రటి తుప్పుపొడి రాలుతోంది. ఇన్నాళ్లూ వంగి చూడడానికి ఇంతమంది మగవాళ్లలో ఒక్కరికీ నడుం సహకరించలేదు.

మళ్లీ ఆ మేస్త్రీ దగ్గరికే వెళ్లాను. కావాలనే. బావగారు అప్పటికే అక్కడ టీ తాగుతున్నారు. మేస్త్రీని కిందికి పంపి, ఎక్కడ పట్టుకోవాలో చెప్పాను. బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ, "క్రాస్ పోయింది సార్" అని బావగారితో చెప్పాడు.

"నేను చెప్పాగా, కింద ఏదో ఉందని" అన్నారు బావగారు.

షాఫ్ట్ విప్పకముందే అతుకులన్నిటి దగ్గర తెల్ల పెయింటుతో గీతలు పెట్టాను. బిగించేటప్పుడు గీతకు గీత కలవాలని, లేకపోతే షాఫ్ట్ తూకం తప్పుతుందని చెప్పాను. మేస్త్రీ నవ్వి, "మేం రోజూ చేసే పనేనమ్మా" అన్నాడు. కొత్త క్రాస్ వేశాడు. ఠంగుమనే దెబ్బ పోయింది. కానీ బెంజ్ సర్కిల్ దాటి వేగం అందుకోగానే బండి ఒళ్లంతా సన్నగా వణికింది. పక్కకు ఆపి వంగి చూశాను. మధ్య అతుకు దగ్గర నా గీతలు రెండూ చెరో దిక్కున ఉన్నాయి.

వెనక్కి తిప్పాను. మేస్త్రీ ఈసారి నవ్వలేదు. "దానికీ దీనికీ సంబంధం లేదమ్మా" అని గొణుగుతూనే విప్పి, గీతలు కలిపి బిగించాడు. వణుకు పోయింది. నాకేసి చూడకుండా పానాలు సర్దుకున్నాడు.

ఆ వారమే పామర్రులో పెళ్లి. వడ్డనలయ్యాక బావగారు పెళ్లివారి మధ్య కూర్చుని చెబుతున్నారు, గేర్‌బాక్స్ దించుతామంటే తాను ససేమిరా ఒప్పుకోలేదని. నేను పెరుగు బకెట్టుతో అటే పోతూ ఆగాను.

"ఇంతకీ పోయిందేంటో చెప్పండి బావగారూ."

"అదేనమ్మా... కింద ఉంటుందిగా, పొడుగ్గా."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన కూడా వాళ్లతో కలిసి నవ్వేశారు. అలాంటి మనిషిని సిగ్గుపడేలా చేయాలంటే నా వల్ల కాదని అప్పుడే అర్థమైంది.

తర్వాత ఒకరోజు కొండపల్లిలో పనుందని, దింపమని అడిగారు. ఎక్కించుకున్నాను. దారి పొడుగునా టైర్లలో గాలి ఎంత ఉండాలో చెప్పారు. గొల్లపూడి దాటకముందే రేడియో పెట్టేశాను.