పేరు రాయని కవరు

మా నర్సరీ నుంచి మొక్కల లోడు కదిలి డబ్బు చేతికి రాగానే నేను చేసే మొదటి పని దశమభాగం తీసి పక్కన పెట్టడం. పిల్లల ఫీజులు, కూలీలకివ్వాల్సింది, మట్టి తోలినవాళ్లకివ్వాల్సింది, అన్నీ ఆ తర్వాతే. దాన్ని కవరులో పెట్టి, పేరు రాయకుండా ఆదివారం చర్చిలో కానుకల సంచిలో వేస్తాను. పెళ్లయిన కొత్తలో మా ఆయన, "పేరు రాస్తే తప్పేంటి?" అని అడిగారు. దేవుడికి తెలిస్తే చాలన్నాను. అప్పుడు నిజంగానే చాలనుకున్నాను.

మా తోడికోడలు అలా కాదు. మా మరిది లారీ డ్రైవరు, వాళ్ల ఇల్లు మా ఇంటి వెనకే. ఆమెకు రేపటి గురించి ఆలోచనే ఉండదు. ఎవరికి జ్వరమొచ్చినా జావ కాచి పట్టుకెళుతుంది. చీర బాగుందని ఎవరన్నా అంటే మర్నాడు అది వాళ్ల ఒంటి మీదుంటుంది. నెలాఖరుకు గ్యాస్ అయిపోతే నవ్వుతూ వచ్చి, "అక్కా, నీ రెండో సిలిండరు ఇవ్వవా" అంటుంది. ఇస్తాను. ఆ గ్యాస్ మీదే మళ్లీ ఊళ్లో అందరికీ వండుతుంది. చర్చి అయ్యాక ఆడవాళ్లంతా ఆమె చుట్టూ చేరతారు. "చిన్నదానిది ఎంత మంచి మనసో" అని మా అత్తగారు మురిసిపోతుంటే నాకు ఒళ్లు మండేది.

పోయిన వర్షాల్లో మా చర్చికొచ్చే ఒకామె భర్త మొక్కలు ఎక్కిస్తూ లారీ మీంచి జారిపడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఇద్దరూ వేరే నర్సరీలో కూలికెళ్లేవాళ్లు. రాజమండ్రి ఆసుపత్రిలో ఆపరేషన్ చేయాలన్నారు. మా తోడికోడలు రోజూ క్యారేజీ కట్టుకుని బస్సెక్కేది. మేం, మొక్కలకు నీడ కోసం కట్టి, గాలికి చిరిగిన షేడ్ నెట్ మార్చడానికి దాచిన డబ్బంతా కవరులో పెట్టి, ఆసుపత్రికెళ్తున్న పాస్టరుగారి చేతికిచ్చాం.

"మా పేరు చెప్పొద్దండి" అన్నాను.

"అలాగేనమ్మా" అన్నారాయన.

ఆపరేషన్ బాగా జరిగింది. ఆ ఆదివారం అతని భార్య చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచింది. "ఆ కవరు ఎవరు పంపేరో అయ్యగారు చెప్పలేదండి. కానీ నాకు తెలుసండి. మాకు రోజూ అన్నం తెచ్చిన మనిషే ఆ డబ్బు కూడా పంపింది" అంటూ మా తోడికోడలి వైపు తిరిగి ఏడ్చేసింది. అందరూ "స్తోత్రం" అన్నారు.

నా చెవులు వేడెక్కాయి. మా తోడికోడలు కంగారుగా లేచి, "అయ్యో, నేను కాదండి! నా దగ్గర అంత డబ్బెక్కడిదండి?" అంది. జనం ముచ్చటగా నవ్వారు. నా పక్కనున్న పెద్దావిడ కళ్లు తుడుచుకుని, "చూశావా ఎంత తగ్గింపు మనసో! చేసి కూడా చెయ్యలేదంటోంది" అని నా చెవిలో చెప్పింది.

పాస్టరుగారి వైపు చూశాను. ఆయన తలెత్తకుండా బైబిలు పేజీలు తిప్పుతున్నారు. నాకిచ్చిన మాట నిలబెట్టుకుంటున్నారు. ఆ ఒక్కసారికి మాట తప్పితే బాగుండుననిపించింది.

ఇంటికొచ్చి గిన్నెలు విసిరాను. "చెప్పొద్దంది నువ్వే కదా" అన్నారు మా ఆయన.

"నా పేరు చెప్పొద్దన్నాను. ఆమె పేరు చెప్పుకోమన్నానా?"

సాయంత్రం తోడికోడలు వచ్చింది. "అక్కా, ఆ కవరు మీదే కదా?"

"ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. నెట్ ఇంకా అలాగే చిరిగి వేలాడుతోందిగా. వచ్చే ఆదివారం లేచి చెప్పేస్తానక్కా. దార్లో అందరూ దణ్ణాలు పెడుతుంటే సిగ్గేస్తోంది."

చెప్పెయ్ అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. కానీ ఆమె చెబితే, ఎంత నిజాయితీ అని మళ్లీ ఆమెనే మెచ్చుకుంటారు. వద్దన్నాను.

"అయితే రేపు నాతో రా. రెండు క్యారేజీలు మొయ్యలేకపోతున్నాను."

వెళ్లాను. వార్డులో మా తోడికోడల్ని చూడగానే, సాక్ష్యం చెప్పినామె "వచ్చేవా అక్కా" అంటూ పరుగున వచ్చి భుజం మీద వాలిపోయింది. నన్ను చూసి కొంగుతో స్టూలు తుడిచి, "కూర్చోండి అమ్మగారూ" అని దూరంగా నిలబడింది. మా తోడికోడలు ఆమెను మంచం చివర కూర్చోబెట్టి, అన్నం తినలేదని తిడుతూ జడ వేసింది. ఇద్దరూ ఏదో చెప్పుకుని నవ్వుకున్నారు. చర్చిలో పుట్టిన కుళ్లు కంటే ఇది లోతుగా దిగింది. కవరు నాదేనని ఊరంతా చాటినా ఆమె నా భుజం మీద వాలదు.

తిరుగు బస్సులో, "రేపు పప్పు నేను వండుతాను" అన్నాను. నా మీద నాకే ఆశ్చర్యమేసింది.

ఒకరోజు మా తోడికోడలికి జ్వరమొస్తే ఒక్కదాన్నే వెళ్లాను. వార్డులో ఆమె నా వెనక ఎవరన్నా వస్తున్నారేమోనని గుమ్మం వైపు చూసింది. మనసు చివుక్కుమన్నా క్యారేజీ విప్పి వడ్డించాను. రెండు ముద్దలు తిని ఆగిపోయింది.

"ఈయన ఇంక లారీ ఎక్కలేడంటున్నారండి. ఎలా బతకాలో తెలవట్లేదు."

మా తోడికోడలైతే దగ్గరకు తీసుకునేది. నాకది చేతకాదు. "మా నర్సరీలో కూర్చుని చేసే పనుంది. మొక్కలకు అంట్లు కట్టడం నేర్పిస్తాం. నడక రాగానే పంపించు" అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. అన్నం చల్లారిపోతోందని చెప్పడానికి కూడా నాకు మనసొప్పలేదు.

ఇప్పుడతను మా దగ్గరే మామిడి అంట్లు కడుతున్నాడు. ఆమెకు మా తోడికోడలు ఇప్పటికీ అక్కే, నేను అమ్మగార్నే. మొన్న వాళ్లింట్లో ప్రార్థనకు పిలవడానికి ఆమె మా వీధిలోకొచ్చినప్పుడు, ముందు ఎవరింటికి వెళుతుందోనని కిటికీలోంచి చూశాను. వెనకింటికే వెళ్లింది. తర్వాత మా గుమ్మం ఎక్కి, "మీరు కాస్త పెందలాడే రావాలండి అమ్మగారూ. ఉల్లిపాయలు తరగడానికి మనిషి లేదు" అంది.

కత్తిపీట పట్టుకుని వెళ్లాను.